లాప్‌టాప్‌కి వైఫై నిలవకపోతే

మిక్సీ పాడైతే మనకి ఇట్టే తెలిసిపోతుంది. తిరగవలసింది తిరగదు, లేకపోతే కాలిన వాసన వేస్తుంది. కుక్కరు మూత పక్కనుంచి ఆవిరి పోతూ వుంటే రబ్బరు మార్చాలని ఒకరు చెప్పనక్కరలేదు. కాని లాప్‌టాప్‌కి వైఫై తెగిపోతూ వుంటే కాలే వాసనా వుండదు, కారే నీళ్ళూ వుండవు. తెర మూలన వున్న విసనకర్రలాంటి గుర్తు మాయమై, దాని చోట భూగోళం బొమ్మ కనిపిస్తుంది. రెండు నిమిషాలకి మళ్ళీ దానంతటదే వస్తుంది. వచ్చింది కదా అని మనం వూరుకుంటాం. అరగంటకి మళ్ళీ పోతుంది.

పూర్తిగా పాడైన వస్తువుని బాగుచేయించడం తేలిక. ఇలా వచ్చిపోయే జబ్బుతోనే చిక్కంతా. నెట్ కనెక్షన్ ఇచ్చిన అబ్బాయిని పిలుస్తాం. అతను వచ్చే వేళకి అన్నీ చక్కగా పనిచేస్తూ వుంటాయి. "బాగానే వుంది కదండీ" అంటాడు, మన ఫోనుకి వచ్చిన ఓటీపీ చెప్పించుకుంటాడు, ఫిర్యాదు తీరిపోయిందని రాసుకుని వెళ్ళిపోతాడు. ఇక ఇంట్లోవాళ్ళ తీర్పులు మొదలవుతాయి. లాప్‌టాప్ ముసలిదైపోయింది, కొత్తది కొనాలంటారు శ్రీవారు. ప్లాను మార్చాలి, ఇంకా ఎక్కువ వేగం వున్నది తీసుకోవాలంటాడు అబ్బాయి. నువ్వేదో నొక్కేసి వుంటావంటుంది అమ్మాయి. ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేలకుండానే డబ్బు ఖర్చయిపోవడం చాలా ఇళ్ళలో చూస్తున్నాం.

ఇదేమంత పెద్ద సంగతా అని మీరనవచ్చు. ఒకప్పుడు కాదు. 2020లో బళ్ళు మూసేసి చదువులు ఇంటికి వచ్చినప్పటినుంచీ లాప్‌టాప్ మన ఇళ్ళలో పొయ్యి అంత అవసరమైపోయింది. ఇంజనీరింగు కౌన్సెలింగుకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలన్నా అదే, దూరాన వున్న డాక్టరుతో మాట్లాడాలన్నా అదే. ఇంట్లోనే కూర్చుని లెక్కలు రాసిపెట్టేవారు, ట్యూషన్లు చెప్పేవారు, సంగీతం నేర్పేవారు మనలో ఎంతమంది లేరు? వారికి అది తెగిందంటే ఆ గంట జీతం తెగినట్టే. అందుచేత, ఎవర్నీ పిలవకముందు, ఏదీ కొనకముందు, ఆ తెగేది ఎక్కడ తెగుతోందో మనమే కనిపెట్టడం ఎలాగో చెప్పుకుందాం. దీనికి కంప్యూటరు చదువు అక్కరలేదు.

స్నానాల గదిలో కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదనుకోండి. మీరేం చేస్తారు? వెంటనే కుళాయి మార్చరు. వంటింట్లో వస్తున్నాయా అని చూస్తారు. అక్కడా రాకపోతే పైన ట్యాంకు చూస్తారు. ట్యాంకు ఖాళీ అయితే మునిసిపాలిటీ నీళ్ళు వచ్చాయా లేదా అని పక్కింటివారిని అడుగుతారు. వైఫై కూడా అచ్చం ఇంతే. వీధిలోంచి ఒక సన్నని తీగ మీ ఇంట్లోకి వస్తుంది. అది వచ్చి ఒక చిన్న పెట్టెలో కలుస్తుంది. దాన్నే రౌటరంటాం. ఆ పెట్టె దగ్గరనుంచి లాప్‌టాప్ దాకా తీగ లేదు, గాలిలో రేడియో తరంగాల మీదుగా వెళుతుంది. ఈ గాలిలో నడిచే భాగం మాత్రమే వైఫై. చాలామంది వీధి తీగ పోయినా వైఫై పోయిందనే అంటారు. అక్కడే మొదటి తికమక.

కాబట్టి తెగినప్పుడు మొట్టమొదట చేయవలసిన పని, చేతిలోకి ఫోను తీసుకోవడం. ఆ ఫోనుని వైఫై మీదే వుంచి, మొబైల్ డేటా ఆపేయండి. ఇది మర్చిపోకండి. డేటా ఆపకపోతే ఫోను చడీచప్పుడు లేకుండా సిమ్ము మీదికి మారిపోయి, అంతా బాగుందని మనల్ని నమ్మిస్తుంది. డేటా ఆపాక ఫోనులో ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడండి. ఫోనుకి వస్తూ లాప్‌టాప్‌కి మాత్రమే రాకపోతే, తప్పు లాప్‌టాప్‌ది గాని, లాప్‌టాప్ కూర్చున్న చోటుది గాని. రెండింటికీ రాకపోతే రౌటరుదో వీధి తీగదో. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోతుంది.

రెండింటికీ రాకపోతే రౌటరు ముందుకి వెళ్ళి దాని దీపాలు చూడండి. ఇప్పుడు పట్టణాల్లో ఎక్కువగా వస్తున్నవి గాజు తీగ కనెక్షన్లు, ఫైబర్ అంటారు. ఆ పెట్టె మీద పాన్ అని ఒక దీపం, ఎల్.ఓ.ఎస్. అని మూడక్షరాలతో ఒక దీపం వుంటాయి. పాన్ దీపం నిలకడగా పచ్చగా వెలుగుతూ, ఎల్.ఓ.ఎస్. ఆరిపోయి వుంటే వీధి తీగలో వెలుగు వస్తోందన్నమాట. ఎల్.ఓ.ఎస్. ఎర్రగా మిణుకుమిణుకుమంటూ వుంటే వెలుగు రావడం లేదు. తీగ ఎక్కడో తెగిందో, మడత పడిందో, గుచ్చిన చోట వదులైందో. గాజు తీగ కదా, మంచం కోడు కింద పడినా, తలుపు సందులో నలిగినా పనికిరాదు. అది కంపెనీవారు చూడవలసిన పని. మీరు లాప్‌టాప్‌ని ఎంత సవరించినా ప్రయోజనం లేదు. ఫోను చేసి "నెట్ రావడం లేదు" అనకండి, "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా వెలుగుతోంది" అని చెప్పండి. అవతలివారి గొంతే మారిపోతుంది!

కొన్ని ఇళ్ళలో దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్ళీ ఒక్కొక్కటే వెలుగుతూ వుంటాయి. అంటే రౌటరు తనంతట తనే ఆగి మొదలవుతోంది. దీనికి ముందు అనుమానించవలసింది గోడకి పెట్టే అడాప్టరుని. అది వదులుగా వున్నా, ఏళ్ళ తరబడి వేడెక్కి నీరసించినా ఇలాగే చేస్తుంది. ఇంట్లో మరో అడాప్టరు వుంది కదా అని టీవీ పెట్టెది తీసి పెట్టేయకండి. దాని మీద రాసిన వోల్టులు రౌటరు మీద రాసిన వోల్టులతో సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని వుండాలి. మరొక కారణం ఇన్వర్టరు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు అందుకునేలోపల కనురెప్పపాటు సందు వుంటుంది. ఫ్యానుకి అది తెలియదు, రౌటరుకి తెలుస్తుంది. అది ఆగిపోయి, మళ్ళీ లేచి నిలబడడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ అని ఒక మీట వుంటుంది, అటు తిప్పితే ఆ సందు తగ్గుతుంది. లేదంటే రౌటరుకి మాత్రమే పెట్టుకునే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కరెంటు కోతలుండే పేటలవారికి అది దండగ ఖర్చు కాదని నా అభిప్రాయం.

ఇక అసలు చిక్కు సమస్యకి వద్దాం. ఫోనుకి వస్తుంది, లాప్‌టాప్‌కి పోతుంది. లేదా ఒక గదిలో వస్తుంది, ఇంకో గదిలో పోతుంది. దీనికి మందు మీ వంటింటి గోడ మీదే వుంది. పాలలెక్క వేసే క్యాలెండరు. వైఫై తెగినప్పుడల్లా ఆ తేదీ గడిలో టైము రాయండి. పక్కనే లాప్‌టాప్ ఏ గదిలో వుందో ఒక్క అక్షరం. వారం రోజులు చాలు.

మా పేటలో ఒకావిడ వున్నారు. అమెరికాలో వున్న తెలుగు పిల్లలకి ఇక్కడినుంచి సంగీతం నేర్పుతారు. మనకి ఉదయం ఆరు గంటలంటే ఎండాకాలంలో టెక్సాస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. పిల్లలు భోజనాలు చేసి కూర్చునే వేళ. ఆవిడ వెనకగదిలో చాప వేసుకుని, శ్రుతి పెట్టుకుని మొదలుపెట్టేవారు. సరిగ్గా వరసలు అయి గీతంలోకి వచ్చేసరికి తెర మీద ఆవిడ నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయేది. నెట్ అబ్బాయి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ మధ్యాహ్నమే. ఏ లోపమూ లేదన్నాడు. అవతల ఒక తల్లి "మీకు నెట్ కుదిరాక చెప్పండి, అంతవరకూ ఆపుదాం" అని మర్యాదగానే రాసింది. మర్యాదగా రాసినా బాధే కదా. ఇంట్లో కొత్త లాప్‌టాప్ కొనే మాట వచ్చింది. ఆవిడ మాత్రం వారం రోజులు క్యాలెండరు మీద రాశారు. ఆరూ ఇరవై, ఆరూ పద్దెనిమిది, ఆరూ ఇరవై రెండు. ఆదివారం లేదు. ఆదివారం ఎందుకు లేదు? కాలేజీ బస్సుకి వెళ్ళే కొడుక్కి పాలు వెచ్చబెట్టే రోజు కాదు కనక! రౌటరు హాల్లో, ఆవిడ వెనకగదిలో, మధ్యలో వంటింట్లో మైక్రోవేవ్. అది నడిచిన రెండు నిమిషాలూ పాఠం ఆగేది.

ఇందులో మాయ లేదు. మైక్రోవేవ్ పొయ్యి పాలని వెచ్చబెట్టేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలతో. వైఫై వాడే రెండు ముఖ్యమైన దారుల్లో ఒకటి 2.4 గిగాహెర్ట్జ్. రెండూ ఒకే వీధి అన్నమాట. పొయ్యి తలుపు ఎంత గట్టిగా వున్నా కాస్త లీకు వుంటుంది. మనిషికి హాని చేసేటంత కాదు, భయపడకండి. కాని రౌటరునుంచి గోడలు దాటి వచ్చే సన్నని సంకేతాన్ని ముంచెయ్యడానికి అది చాలు. ఆవిడ చేసిన వైద్యానికి పైసా ఖర్చు కాలేదు. పాఠం వేళకి పాలు గ్యాసు మీద పెట్టమన్నారు. తరవాత తీగ కాస్త పొడిగించి రౌటరుని నడవాలోకి జరిపించారు.

ఆ 2.4 గురించి ఇంకొక్క మాట. ఒకప్పుడు రేడియో సెట్టుకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు, పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. వైఫైకి ఆ బాధ లేదు. 2005లో మన ప్రభుత్వం ఈ తరంగాలని ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. లైసెన్సు లేదు కనక ఎవరైనా రావచ్చు. పక్క ఫ్లాటు రౌటరు, పై ఫ్లాటు రౌటరు, మీ చెవిలో పెట్టుకునే బ్లూటూత్, పిల్లవాడి ఆటబొమ్మ రిమోటు, అన్నీ అక్కడే. మన దేశంలో ఆ దారిలో పేరుకి పదమూడు ఛానళ్ళున్నాయి గాని, అవి పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి వుంటాయి. ఒకదానికొకటి తగలకుండా వుండేవి 1, 6, 11 మాత్రమే. నలభై ఫ్లాట్ల భవనంలో నలభై రౌటర్లు ఈ మూడింట్లో సర్దుకోవాలి. రాత్రి ఎనిమిదినుంచి పదింటిదాకా మీ క్యాలెండరు నిండిపోయిందంటే, అందరూ టీవీల ముందూ ఫోన్ల ముందూ కూర్చున్న వేళ అదేనని గుర్తుపెట్టుకోండి.

బ్లూటూత్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అది ఒక చోట నిలవకుండా సెకనుకి 1600 సార్లు ఛానళ్ళు మారుతూ గెంతుతుంది. అందుకే అంత రద్దీలోనూ నెగ్గుకొస్తుంది. ఇలా గెంతుతూ మాట్లాడే వుపాయానికి 1942లో పేటెంటు పొందినవారిలో ఒకరు హెడీ లమార్ అనే సినిమా నటి. శత్రువులు టార్పెడో సంకేతాన్ని చెడగొట్టకుండా వుండాలని, ఒక సంగీతకారుడితో కలిసి ఆలోచించింది. అందం గురించి రాసినవాళ్ళు ఈ సంగతి చాలాకాలం రాయనే లేదు.

రద్దీనుంచి తప్పుకోవడానికి రెండో దారి 5 గిగాహెర్ట్జ్. అక్కడ ఛానళ్ళు ఎక్కువ, జనం తక్కువ, వేగమూ ఎక్కువే. ఐతే దాని బలహీనత గోడలు. హాల్లో, పక్కగదిలో అద్భుతంగా వుంటుంది. రెండు ఇటుక గోడలు, ఒక కాంక్రీటు స్తంభం దాటేసరికి నీరసపడిపోతుంది. 2.4 అయితే మెల్లగానైనా దూరం వెళుతుంది. ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండింటినీ ఒకే పేరుతో ఇస్తాయి. అది సౌకర్యంగానే వుంటుంది గాని, రెండింటికీ సరిహద్దులో వున్న గదిలో కూర్చున్న లాప్‌టాప్ కాసేపు ఇటు, కాసేపు అటు మారుతూ, మారినప్పుడల్లా ఒక క్షణం తెగుతుంది. నెట్ అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టించండి. లాప్‌టాప్ ఏ గదిలో ఎక్కువగా వుంటుందో ఆ గదికి సరిపడే పేరు ఒక్కటే దానికి నేర్పండి, రెండోది మరచిపొమ్మనండి. మరపించడమంటే సెట్టింగ్స్‌లో తెలిసిన నెట్‌వర్కుల జాబితాలోకి వెళ్ళి, ఆ పేరు పక్కన ఫర్గెట్ అన్నది నొక్కడమే.

రౌటరు పెట్టే చోటు గురించి మాత్రం కాస్త కోపంగానే చెప్పాలి. మన ఇళ్ళలో దాన్ని ఎక్కడ పెడతారు? తీగ ఎక్కడనుంచి లోపలికి వచ్చిందో అక్కడే, వీధి తలుపు మూల. లేదా అందంగా లేదని టీవీ వెనక దాచేస్తారు. లేదా దుమ్ము పడుతుందని అలమారలో పెట్టి తలుపు మూసేస్తారు. ఇనప బీరువా మీద పెట్టేవారు కూడా వున్నారు. లోహం ఈ తరంగాలని వెనక్కి కొడుతుంది. నీళ్ళు పీల్చేస్తాయి. కనక ఫ్రిజ్జు, స్టీలు సామాన్ల స్టాండు, చేపల తొట్టి, నిలువుటద్దం (దాని వెనక పూత కూడా లోహమే) వీటి చాటున రౌటరు వుండకూడదు. ఇంటికి నడిమధ్యన, మనిషి ఎత్తున, నాలుగు వైపులా ఖాళీగా వుండాలి. అందానికేముంది, పక్కన ఒక పూలకుండీ పెట్టుకుంటే సరి. కుండీలో నీళ్ళు మాత్రం తక్కువ పొయ్యండి!

ఇదంతా చూసినా తెగుతూనే వుందంటే, రౌటరు పక్కనే బల్ల వేసుకుని కూర్చుని చూడండి. అక్కడ తెగకపోతే చోటు దోషం. అక్కడా తెగుతూ, ఫోనుకి మాత్రం చక్కగా వస్తూ వుంటే, లాప్‌టాప్ వైపు చూడాలి. రూఢి చేసుకోవడానికి ఇంకో పరీక్ష వుంది. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, లాప్‌టాప్‌ని దానికి కలిపి, ఫోను పక్కనే వుంచి గంటసేపు పని చేసుకోండి. హాట్‌స్పాట్‌తో కూడా లాప్‌టాప్ విడిపోతూ వుంటే జబ్బు నిస్సందేహంగా లాప్‌టాప్‌దే. విడిపోకపోతే, రౌటరుకీ దానికీ మధ్య వ్యవహారం. అప్పుడు ఆ పేరు మరపించి, సంకేతపదం మళ్ళీ కొత్తగా ఇచ్చి చూడాలి.

లాప్‌టాప్‌లో దోషం అనగానే బెంబేలు పడకండి. నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది దాని పొదుపు బుద్ధి. బ్యాటరీ ఆదా చెయ్యాలని, కాసేపు పని లేకపోతే వైఫై ముక్కని నిద్రపుచ్చుతుంది. లేపినప్పుడు అది సరిగ్గా లేవదు. మూత మూసి తెరిచాక వైఫై రాకపోవడం, బ్యాటరీ మీద వున్నప్పుడే తెగి ఛార్జరు పెట్టగానే నిలవడం, ఇవి దీని లక్షణాలు. విండోస్ లాప్‌టాప్ అయితే కింద స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కండి. వచ్చిన జాబితాలో డివైస్ మేనేజర్ వుంటుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్, దాని కింద వైఫై లేదా వైర్‌లెస్ అని వున్న పేరు. ఆ పేరు మీద రెండుసార్లు నొక్కితే ఒక గడి తెరుచుకుంటుంది. పవర్ మేనేజ్‌మెంట్ అనే పుటలో, కరెంటు ఆదాకోసం ఈ పరికరాన్ని ఆపెయ్యడానికి కంప్యూటరుకి అనుమతి ఇస్తున్నామనే వాక్యం ముందు ఒక టిక్కు వుంటుంది. ఆ టిక్కు తీసేసి ఓకే నొక్కండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఈ పుట కనిపించదు. కనిపించకపోతే మీరు తప్పుచోటికి వచ్చినట్టు కాదు, దాన్ని వదిలేసి ముందుకి వెళ్ళండి.

తరవాతది డ్రైవరు. కారు డ్రైవరు కాదు లెండి! వైఫై ముక్కతో ఎలా మాట్లాడాలో కంప్యూటరుకి చెప్పే చిన్న ప్రోగ్రాము అది. "మొన్నటిదాకా బాగుంది, అప్‌డేట్ వచ్చాకే ఇలా" అంటే అదే డివైస్ మేనేజర్ గడిలో డ్రైవర్ అనే పుటకి వెళ్ళండి. రోల్ బ్యాక్ అన్న మీట వెలుగుతూ వుంటే నొక్కండి, పాతది తిరిగి వస్తుంది. అలా కాక ఏళ్ళ తరబడి అప్‌డేట్ లేకుండా పడివున్న లాప్‌టాప్ అయితే, ఆ కంపెనీవారి సొంత వెబ్‌సైటునుంచే, మీ మోడలు పేరుతో, కొత్తది తెచ్చుకోవాలి. ఉచితంగా డ్రైవర్లు ఇస్తామంటూ మధ్యలో వచ్చే ప్రకటనలు నొక్కకండి.

రెండు చిన్న సంగతులు చాలామందికి తెలియవు. చాలా లాప్‌టాప్‌లలో వైఫై యాంటెనా తీగలు తెర చుట్టూ మూతలో వుండి, బందు దగ్గరనుంచి కిందికి దిగుతాయి. మూత ఒక మూలన పట్టుకుని లాగి లాగి బందు వదులైన లాప్‌టాప్‌లో ఆ తీగ నలిగిపోతుంది. మూత కోణం మార్చినప్పుడల్లా గీతలు తగ్గుతూ పెరుగుతూ వుంటే అదేనేమోనని చూడాలి. రిపేరు దుకాణంలో ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే మదర్‌బోర్డు దాకా వెళతారు. రెండోది, పక్కన గుచ్చిన హార్డ్‌డిస్కు గాని పెన్‌డ్రైవు గాని. లోపల నీలిరంగు నాలుకతో వుండే వేగమైన యూఎస్‌బీ రకం పనిచేస్తున్నప్పుడు 2.4 దారిలో గోల చేస్తుంది. పెళ్ళి ఫోటోలు హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తున్నంతసేపూ వైఫై తెగుతోందంటే, అది మీ భ్రమ కాదు. ఒక జానెడు పొడిగింపు తీగ పెట్టి దాన్ని దూరంగా జరపండి.

కాస్త ధైర్యం వున్నవారికి ఒక మంచి పరీక్ష చెబుతాను. స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అనే మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్లటి గడి వస్తుంది. అందులో పి, ఐ, ఎన్, జి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ రౌటరు చిరునామా కొట్టండి. అది రౌటరు కింద చీటీ మీద వుంటుంది, చాలావాటికి 192.168.1.1 గాని 192.168.0.1 గాని. మళ్ళీ ఒక ఖాళీ, చిన్న అడ్డగీత, దానికి ఆనుకుని టి. ఎంటర్ నొక్కారంటే లాప్‌టాప్ సెకనుకొకసారి రౌటరుని "వున్నావా?" అని పిలుస్తూ, అది "వున్నా"నన్నప్పుడల్లా ఒక వరస రాస్తుంది. దాన్నలా వదిలి మీ పని చేసుకోండి. నెట్ పోయినప్పుడు తిరిగి చూడండి. రౌటరు జవాబులిస్తూనే వుంటే ఇంట్లో గాలి దారి బాగుంది, తప్పు వీధిది. టైమ్డ్ అవుట్ అంటూ వరసలు వరసలుగా పడుతూ వుంటే తప్పు ఇంట్లోదే. ఎక్కడో ఒక్క వరస పడితే పట్టించుకోనక్కరలేదు. ఆపడానికి ఆ గడి మూసేస్తే చాలు. ఇది ఫోటో తీసి వుంచుకుంటే, వచ్చిన అబ్బాయి "బాగానే వుంది కదండీ" అనడానికి వీలుండదు.

వేగం పెంచే ప్లాను సంగతి అడుగుతారేమో. వేగం వేరు, నిలకడ వేరు. వీడియో పాఠానికి కావలసిన వేగం ఇప్పటి మామూలు ప్లానుల్లోనే మిగిలిపోయేటంత వుంటుంది. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన వదులు కుళాయి బిగుసుకోదు. అంతకంటే తప్పని పని వున్నరోజు, ఇంటర్వ్యూ గాని పరీక్ష గాని, రౌటరునుంచి లాప్‌టాప్‌కి నేరుగా లాన్ తీగ కలిపేసుకోండి. పలచటి లాప్‌టాప్‌లకి ఆ రంధ్రం వుండదు, యూఎస్‌బీలో గుచ్చే చిన్న మారక ముక్క కొనుక్కోవాలి. వైఫై ముక్కే చచ్చిపోయిందని తేలినా, లాప్‌టాప్ మార్చనక్కరలేదు. గోరంత యూఎస్‌బీ వైఫై ముక్క కొన్ని వందల రూపాయలకి వస్తుంది. కౌన్సెలింగు ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం, ఏ తీగ వున్నా లేకున్నా, పది ఆప్షన్లకొకసారి సేవ్ నొక్కుతూ వుండండి. ఫోను హాట్‌స్పాట్ పేరు లాప్‌టాప్‌కి ముందే నేర్పి వుంచండి.

ఏదీ కుదరకపోతే చివరి మందు నెట్‌వర్క్ రీసెట్. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ లోపల వుంటుంది. అది నెట్టుకి సంబంధించిన అమరికలన్నీ తుడిచి కొత్తగా పెడుతుంది. తెలిసిన వైఫై పేర్లు, సంకేతపదాలు అన్నీ పోతాయి. కనక సంకేతపదం ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆఫీసువారి లాప్‌టాప్ అయితే మాత్రం వారిని అడగకుండా ముట్టుకోకండి.

ఒక్క హెచ్చరిక. విసుగెత్తి, కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన మొదటి నంబరుకి ఫోను చెయ్యకండి. దొంగలు అలాంటి నంబర్లు పెట్టి కాచుకుని కూర్చుంటారు. "అమ్మా, ఈ యాప్ వేసుకోండి, నేనే ఇక్కడినుంచి బాగుచేస్తాను" అని తీయగా చెబుతారు. ఆ యాప్ వేశారంటే మీ తెర మొత్తం వారికి కనిపిస్తుంది, బ్యాంకు ఓటీపీతో సహా. మీ నెట్ బిల్లు మీద అచ్చువేసిన నంబరుకే చెయ్యండి. పొరపాటున అలా డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చెయ్యాలి, అది సైబర్ మోసాలకి దేశమంతటికీ ఒకే నంబరు. ఎంత త్వరగా చేస్తే సొమ్ము దారిలో ఆగే వీలు అంత ఎక్కువ. ఆ నంబరు కూడా పాలలెక్క క్యాలెండరు మీదే ఒక మూల రాసి వుంచండి.